స్టేటస్ కో దొరికిన ఆషాఢం

తడిసిన గోనెసంచి వాసన తగిలితే చాలు, ఈ వయసులోనూ నేను శాలిబండ పిల్లనైపోతాను. నిన్న పక్కింటివాళ్లు వానకు నానిన సంచిని మా పిట్టగోడ మీద ఆరేస్తే మా కోడలు ముక్కు మూసుకుంది. నేను మాత్రం కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాను.

నిజాం కాలంలో మాది పాలవ్యాపారం. మసీదు అజాన్ వినపడగానే పాలు పితకడానికి లేచే బాపు, తెల్లారకముందే చెంబుల చప్పుడు, గోడలకు పిడకలు కొడుతూ లోకాన్నంతా తిట్టిపోసే అవ్వ, అరుగు మీద మా అష్టాచెమ్మ తగాదాలు, ఆషాఢం వచ్చిందంటే బోనాల వేపాకూ పసుపూ బెల్లపన్నమూ కలగలిసిన వాసన, అన్నీ ఇంటి వెనక బర్రెల కొట్టం చుట్టూ తిరిగేవి. ఆ కొట్టం నేల తనదంటూ వెనకింటి ఆసామి దావా వేశాడు. కొట్టం పోతే బర్రెలు పోతాయి, బర్రెలు పోతే మా నోట్లో మన్నే.

విలాయత్‌లో చదివొచ్చిన మా వకీలు కచేరీలో ఉర్దూలో వాదించినా, నడుమ ఇంగ్లీషు, ఆ ఇంగ్లీషు నడుమ ఇంకేదో భాష దొర్లించేవాడు. ఒకనాడు కచేరీ మెట్ల మీదే బాపు భుజం తట్టి, "స్టేటస్ కో మిల్గయా, ఫికర్ నక్కో!" అని బగ్గీ ఎక్కి వెళ్లిపోయాడట. మిల్గయా, దొరికింది అన్నాక ఇంకేం కావాలి! మంచి కబురు వచ్చిననాడు పాలు అమ్మకూడదని మా ఇంటి పద్ధతి. ఆ సాయంత్రం పాలన్నీ బెల్లం, యాలకులు వేసి కాచి, ఎవరిల్లని చూడకుండా గల్లీ అంతా పంచారు. కారిపోతున్న కొట్టం కప్పు విప్పేసి మర్నాడే రేకులు వేయిస్తానన్నాడు బాపు.

ఆ మాటకు అర్థమేందని నేనడిగితే అవ్వ మండిపడింది. "పంతులు మంత్రం చదివితే అర్థమడుగుతమా? గెలిచినమంటే గెలిచినం, నోర్మూసుకో!"

నేనా నోరు మూసుకునేది! తెల్లారి వానలో దబీర్‌పురా దాకా నడిచి మా ఇంగ్లీషు టీచరమ్మ తలుపు కొట్టాను. నా తల తుడుస్తూ ఆమె చెప్పింది. "అది లాటిన్ మాట, బిడ్డా. ఇంగ్లీషోళ్లు గట్లనే వాడుకుంటరు. ఉన్నది ఉన్నట్టే ఉండాలె అని. తీర్పొచ్చేదాక మీరూ ముట్టొద్దు, వాళ్లూ ముట్టొద్దు." అంటే మేం ఇంకా గెలవనే లేదు! కప్పు విప్పితే కచేరీ హుకుం కాదన్నట్టే, దావా చేజేతులా పోగొట్టుకున్నట్టే.

పరుగెత్తుకొచ్చేసరికి బాపు అప్పటికే పైకెక్కి కప్పు తాళ్లు విప్పుతున్నాడు. కిందినుంచి అరిచి చెప్పాను. "పిల్లలకెందుకే గీ లొల్లి? ఇంట్లకు పో" అన్నాడు. ఇక మాటలతో కాదని నిచ్చెనెక్కి, ఆయన విప్పబోతున్న ముడి మీదే కూర్చున్నాను.

"వకీల్‌సాబ్‌ను అడిగి రా, బాపూ. గప్పటిదాక నేను దిగ."

కింద అవ్వ శాపనార్థాలు, కూలీల నవ్వులు, నెత్తిన వాన. కదిలితే ఒట్టు.

బాపు గొణుక్కుంటూ వెళ్లాడు. తిరిగొచ్చినప్పుడు ముఖంలో నెత్తురుచుక్క లేదు. "అరె, విప్పొద్దని నేను చెప్పలేదా?" అన్నాడట వకీలు. బాపు విప్పిన తాళ్లన్నీ తనే తిరిగి కట్టాడు. ఆ వానాకాలమంతా కారే కప్పు కిందే బర్రెల వీపుల మీద గోనెసంచులు కప్పుతూ నెట్టుకొచ్చాం. చలికాలంలో తీర్పు మా పక్షాన వచ్చింది.

ఆ కొట్టం ఇప్పుడు లేదు, అక్కడ మూడంతస్తుల మేడ లేచింది. మా బర్రెలూ, పిడకల గోడలూ, పాలు పంచిన ఆ గల్లీవాళ్లూ ఎవరూ లేరు. లాటిన్ మాటలంటారా, పట్టుబట్టి ఎన్నో నేర్చుకున్నాను, బడిలో పిల్లలకూ నేర్పాను. వాటికేం, ఏ పుస్తకం తెరిచినా కనిపిస్తాయి. కానీ తీర్పుకు ముందు వాయిదానాడు నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, ఎప్పుడూ చేతులు కట్టుకుని నిలబడే మనిషి, అంతమంది మగవాళ్ల ముందు వకీలును ఆపి, "సాబ్, గా మాట ముందుగాల నా బిడ్డకు చెప్పుండ్రి. ఆమె సమజైందంటేనే నేను సరే అంట" అన్న మా బాపును ఎక్కడినుంచి తెచ్చుకోను?