గడియ తీసిన మధ్యాహ్నం

మా చిన్నప్పుడు లాలాగూడలో ఒక ఎండాకాలమంతా తలుపులు బిడాయించుకునే బతికాం... నిజాం రాజ్యం మీద పోలీస్ యాక్షన్‌కి కొన్ని నెలల ముందు సంగతి. ఎప్పుడు ఏ గొడవ మీదికొస్తుందోనని అందరికీ భయం. నాయన రైల్వే వర్క్‌షాపుకి పోతూ రోజూ ఒకటే మాట చెప్పేవాడు... నేనొచ్చేదాకా ఎవరు పిలిచినా గడియ తీయొద్దని.

కిటికీలు కూడా మూసే ఉండేవి. పైన రేకులు, లోపల కట్టెల పొయ్యి. నాకేమో కాలు నిలవదు. తలుపు సందులో కన్ను పెట్టడం, నాయనమ్మ చేత తిట్లు తినడం... అదే నా పని.

ఒకరోజు అమ్మ పొయ్యి దగ్గరే కూలబడింది. ఒళ్లు కాలిపోతోంది, చెమట చుక్క లేదు. ఏదేదో మాట్లాడుతోంది... నన్ను చూసి ఎవరని అడిగింది! నాయనమ్మ చలిజ్వరం అనుకుని గొంగడి తెచ్చి కప్పింది. నేను బావురుమన్నాను.

ఆ ఏడుపు విని పక్కింటి ఫాతిమా ఖాలా, అంటే మాకు పిన్ని వరస, వచ్చి తలుపు కొట్టింది. మంచిదే ఆమె... కానీ ఆ రోజుల్లో ఎవరు ఎవరిని నమ్మారు గనక? నాయనమ్మ గడియ మీద చెయ్యి వేస్తుంది, మళ్లీ వెనక్కి లాక్కుంటుంది. నేను తలుపుకీ అమ్మకీ మధ్య తిరుగుతున్నాను.

"నా కోడలు బతకాలె. ఏమైతే గదైతది," అని చివరికి గడియ లాగేసింది.

ఖాలా వస్తూనే గొంగడి తీసి అవతల పడేసింది. "గిది వడదెబ్బ, అమ్మా. జెర గాలి రానియ్యుండ్రి," అంది. కిటికీలు బార్లా తెరిచి, అమ్మకి తడిదుప్పటి చుట్టి, విసనకర్రతో విసురుతూనే ఉంది. నాయనమ్మ వెళ్లి అమ్మ నోట్లో నీళ్లు పోయబోతే, తెలివి రాకముందు పోస్తే పొలమారుతుందని ఆపింది. చాలాసేపటికి అమ్మ నన్ను పేరు పెట్టి పిలిచింది. ఉప్పేసిన మజ్జిగ అప్పుడు తాగించారు.

సాయంత్రం నాయన వచ్చేసరికి తలుపులు తెరిచే ఉన్నాయి. అరవబోయాడు... తడిజుట్టుతో పడుకున్న అమ్మని చూసి గడప మీదే కూర్చుండిపోయాడు. నాయనమ్మ సంగతంతా చెప్పాక, మర్నాటి నుంచి ఖాలా వాళ్లింటి వైపున్న పెరటి తలుపుకి గడియ వేయొద్దన్నాడు. తనే దానికి తడి గోనెపట్టా కట్టి పనికి పోయేవాడు.

ఇప్పుడు నేనుండేది ఏసీ ఫ్లాట్‌లో... అన్నీ మూసే ఉంటాయి. మధ్యాహ్నం అయిందంటే నాకు ఊపిరాడదు, లేచి వెళ్లి తలుపు తీసి నిలబడతాను. చల్లదనమంతా పోతోందని పిల్లలు విసుక్కుంటారు. ఎదురు తలుపు వెనక ఎవరుంటారో నాకు తెలియదు. నేను కూలబడితే వచ్చి తలుపు కొట్టేవాళ్లెవరు?

మీ ఇంట్లో ఎవరి కోసం గడియ వేయకుండా ఉంచేవారు... చెప్పండి, వినాలనుంది.