తలగుడ్డతో తుడిచిన సాక్ష్యం

సౌదీలోని యాన్బు రేవులో ఉన్న ఒక భద్రతా కాంట్రాక్టు కంపెనీ, బైనాక్యులర్ అద్దంపై గీత పెట్టాడన్న నిందతో మస్తాన్ వలీ సెలవు రద్దు చేసి, ఇంటికి వెళ్లడానికి కావలసిన ఖురూజ్ పర్మిట్‌ను ఆపేసింది. ఈ నెల పంతొమ్మిదిన రాయచోటిలో ఆయన భార్య జైనాబీకి ఆపరేషన్. ఆ గీత ఆయన పెట్టింది కాదు.

పదకొండేళ్లుగా ఆ కంపెనీ బైనాక్యులర్లను శుభ్రం చేస్తున్నది మస్తాన్ వలీయే. ఆయన ముందు రబ్బరు బుడ్డితో గాలి కొట్టి ఇసుకను ఎగరగొడతాడు. మెత్తని కుంచెతో దులుపుతాడు. ఆ తరువాతే, మందు చుక్క వేసిన పల్చటి కాగితంతో నడుమ నుంచి అంచుకు తుడుస్తాడు. ఇంత చాదస్తం దేనికి? మేనేజరుగారి వద్ద సత్వర విధానం ఉంది: హా అని ఊదడం, తలమీది ఘుత్రా కొంగుతో రుద్దడం. హోదాగల గుడ్డకు ఇసుక అంటదని కంపెనీవారి ప్రగాఢ విశ్వాసం.

గీత పడింది. ఫిర్యాదు మేనేజరుది. విచారణాధికారి కూడా ఆయనే. న్యాయానికి ప్రయాణ ప్రయాస తప్పింది.

కరీంనగర్ నుంచి వచ్చిన ఆఫీసు గుమాస్తా జనార్దన్ ముందే హితవు చెప్పాడు.

"మస్తానన్నా, ఆడ నోరు తెరువకు. తప్పైందని ఒక్క సంతకం గొట్టు, జల్ది ఇంటికి పోతవ్."

"చెయ్యని తప్పుకు సంతకమా? అట్లయితే ఎర్ర సముద్రంలో మునిగిన ఓడలకి గూడా నాతోనే పెట్టించబ్బా!"

విచారణలో మేనేజరు బైనాక్యులర్‌ను చేతికి తీసుకున్నారు. గీత స్పష్టంగా కనబడలేదు. హా అని ఊదారు. ఘుత్రా కొంగు అందుకున్నారు. నిందితుడు తాను నిందితుడినన్న సంగతే మరిచి, ముందు గాలి కొట్టమని అరిచాడు.

"సాబ్, రుకో! పహలే హవా మారో!"

అప్పటికే గుడ్డ రెండు చుట్లు తిరిగింది. ఒక గీత రెండయింది. రికార్డులోకి ఎక్కింది మాత్రం ఒకటే వాక్యం: నిందితుడు విచారణాధికారిపై కేకలు వేశాడు. రెండో గీతను జనార్దన్ కూడా చూశాడు.

"చూసిన గదా అన్నా. అది రాస్తే నా ఖురూజ్ ఎవడిస్తడు?"

కంపెనీ యాజమాన్యానికి: ఆ విచారణను రద్దు చేయండి. మీ మేనేజరుకు లోబడని నిపుణుడి చేత ఆ రెండు గీతలనూ పరీక్షించి, ఫలితాన్ని లిఖితపూర్వకంగా ఇవ్వండి. పరీక్షకు కావలసింది అద్దం. మస్తాన్ వలీ కాదు. ఆయన పర్మిట్‌ను ఈరోజే విడుదల చేయండి. పంతొమ్మిదో తేదీ ఉదయం ఆయన జైనాబీ పక్కన ఉండాలి.