నేను అమ్మని లాప్‌టాప్‌లు

మా దుకాణంలో ముందు సగం నాయనది, వెనక సగం నాది. ముందు వైపు పలకలు, బలపాలు, బడిపిల్లల సామాను ఉంటాయి. వెనక వైపు కంప్యూటర్లు, ప్రింటర్లు, నా రిపేరు బల్ల. పలకల బేరం పడిపోతున్న రోజుల్లో నేనే పట్టుబట్టి మధ్యలో అద్దాల తలుపు పెట్టించి వెనక భాగం తీసుకున్నాను. ఆడపిల్ల కంప్యూటర్లు విప్పి బాగుచేయడమేమిటని మార్కాపురం బజారులో కొందరు నవ్వారు. నాయన నవ్వలేదు. అలాగని మెచ్చుకోనూ లేదు. "నీ సగానికి కరెంటు బిల్లు నువ్వే కట్టుకో" అన్నాడు, అంతే.

ఆ ఏడాది కొత్త రకం చిప్‌తో లాప్‌టాప్‌లు వస్తున్నాయని ముందు నుంచే ప్రచారం మొదలైంది. కాలేజీ పిల్లలు ఫోన్లలో వీడియోలు చూసి వచ్చి, ఎప్పుడొస్తాయక్కా అని అడిగేవాళ్లు. గుంటూరులో మాకు సరుకు పంపే డిస్ట్రిబ్యూటరు బ్యానరు పంపించాడు. దాన్ని గుమ్మం పైన కట్టాను. అడ్వాన్సులు తీసుకున్నాను. విడుదల తేదీ ఇంకా రాకముందే ఒక సాయంత్రం పార్సిలు ఆటో వచ్చి మా ముందు ఆగింది. పెట్టెల మీద కొత్త మోడలు బొమ్మ చూసి నమ్మలేకపోయాను. ఒంగోలులోనే ఇంకా రాని సరుకు మాకు ముందే వచ్చిందా అని సంబరపడ్డాను. పెట్టెలను వెనక అరలో వరుసగా పేర్చి, మరుసటి రోజు అందరికీ ఫోన్లు చేద్దామనుకున్నాను.

పొద్దున్నే టీ తాగుతూ ఫోను తెరిస్తే వార్త కనిపించింది. చిప్ తయారు చేసిన కంపెనీయే స్వయంగా ప్రకటించింది. కొత్త చిప్‌లో లోపం బయటపడిందట. తయారీ ఆపేశారు. కొత్త లాప్‌టాప్‌ల విడుదల కొన్ని నెలలు వాయిదా. అప్పటికే డీలర్ల దగ్గరికి వెళ్లిన సరుకును వెనక్కి పంపాలి.

లోపం ఏమిటో రెండు మూడు చోట్ల చదివి అర్థం చేసుకున్నాను. లెక్కలు చేసే ప్రధాన చిప్ బాగానే ఉంది. దాని పక్కన ఇంకో చిన్న చిప్ ఉంటుంది. హార్డ్ డిస్క్‌కీ మిగతా మిషనుకీ మధ్య రాకపోకలు చూసేది అదే. తప్పు అందులో ఉంది. కొన్న కొత్తలో ఏమీ తెలియదు. వాడగా వాడగా ఆ దారి బలహీనపడి, ఏదో ఒక రోజు దాచుకున్న ఫైళ్లు అందకుండా పోవచ్చు. అన్ని మిషన్లకూ అలా అవుతుందని లేదు. ఏ మిషనుకు అవుతుందో మాత్రం ఎవరూ చెప్పలేరు.

కంపెనీ వెబ్‌సైటులో నంబరు కొట్టి చూసుకునే వీలు పెట్టారు. అరలోని పెట్టెల మీద నంబర్లు ఒక్కొక్కటే కొట్టి చూశాను. అన్నీ లోపం ఉన్నవే.

వెంటనే గుంటూరుకు ఫోను చేశాను.

"చూశానండీ వార్త" అన్నాడు డిస్ట్రిబ్యూటరు తాపీగా. "పెద్ద విషయమేం కాదు. మీకొచ్చిన పీసులు మీరు అమ్మేసుకోండి."

"వెనక్కి పంపమని కంపెనీయే చెప్పింది గదండీ."

"అది హైదరాబాదు వాళ్లకీ బెంగళూరు వాళ్లకీ చెప్పింది. అక్కడ కొనేవాళ్లు నెట్ చూసుకొచ్చి నంబర్లు అడుగుతారు. మీ మార్కాపురంలో, గిద్దలూరులో చిప్ నంబరు ఎవరు అడుగుతారండీ? అందుకేగా ఆ స్టాకు మీ వైపు తోలింది."

తోలింది అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. అంటే వార్త బయటికి రాకముందే ఆయనకు లోపం సంగతి తెలుసన్నమాట. సంబరపడ్డానే ముందు రోజు సాయంత్రం, అది గుర్తొచ్చి ఒళ్లు మండింది. మా కరువు పల్లెలకు ప్రాజెక్టు నీళ్లొస్తాయని నేను పుట్టినప్పటి నుంచీ వింటున్నాను, ఇంకా రాలేదు. వాయిదాలు మాకు కొత్త కాదు. లాప్‌టాప్ కొన్ని నెలలు ఆలస్యమైతే ప్రాణాలేం పోవు, ఎదురుచూడటం మాకు బాగా అలవాటే. కానీ ఆలస్యం వేరు. పెద్ద ఊళ్లలో చెల్లదని తెలిసిన సరుకును వీళ్లకేం తెలుస్తుందిలే అని మా మీదికి నెట్టడం వేరు.

"నేను అమ్మను" అన్నాను.

"అమ్మకపోతే మీకే నష్టం. ఆలోచించుకోండి" అని పెట్టేశాడు.

నాయన ముందు సగంలో కూర్చుని అంతా విన్నాడు. అద్దాల తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు.

"ఏంది గొడవ?"

చెప్పాను. ఆయన పెట్టెల వైపు చూసి, "అమ్మేయమ్మా" అన్నాడు. "నువ్వు చేసిన తప్పు గాదు గదా. పై నుంచి ఎట్ల వచ్చిందో అట్ల ఇచ్చినావు. బజారంతా ఇట్లనే నడుస్తాది."

"పలకలో బీట ఉంటే నువ్వు అమ్ముతావా నాయనా?"

"బీట కంటికి కనపడతాది. కొనేవాడే చూసుకుని పక్కన పెడతాడు. దీంట్లో ఏం కనపడతాది?"

"కనపడదు కాబట్టే అమ్మనంటున్నా."

ఆయనకు కోపం వచ్చింది. డీలర్‌షిప్ పోతే వెనక సగం మూసుకోవాలన్నాడు. మూసుకుంటానన్నాను. ఆ రోజు మధ్యాహ్నం ఇద్దరం ఎవరి సగంలో వాళ్లం కూర్చుని అన్నం తిన్నాం.

భోజనమయ్యాక బ్యానరు విప్పేశాను. నాయన సగంలోంచి అన్నిటికన్నా పెద్ద పలక ఒకటి తీసుకుని, సుద్దముక్కతో రాశాను: 'కొత్త లాప్‌టాప్ చిప్‌లో లోపం ఉంది. కంపెనీయే చెప్పింది. మంచివి వచ్చేదాకా అమ్మం. అడ్వాన్సు కావాలంటే వెనక్కి తీసుకోవచ్చు.' గుమ్మం పక్కన, దారిన పోయేవాళ్లకు కనబడేలా ఆనించాను. నాయన బయటికి వచ్చి చదివాడు. తీసేస్తాడేమోనని చూశాను. తీయలేదు. అక్షరాలు చిన్నగా ఉన్నాయన్నాడు.

ఆ పలక మూలంగా రెండు రోజుల్లో బజారంతా గోల. పై వీధిలో ఇంకో కంప్యూటర్ల షాపు ఉంది. వాళ్లకూ అదే సరుకు వచ్చింది. ఆ షాపాయన వచ్చి గుమ్మం దగ్గరే నిలబడి అరిచాడు.

"నువ్వు అమ్మకపోతే అమ్మకు. మా పొట్ట కొడతావేందమ్మా?"

"మీ షాపు సంగతి నేనేం రాయలేదన్నా. నా దగ్గరున్న సరుకు సంగతి రాసినా."

"చదివినోళ్లు నన్నొచ్చి అడగతాండారు."

"అడగనీ. చెప్పి అమ్ము. చెప్పి అమ్మితే నాకేం పేచీ లేదు."

ఆయన గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. అడ్వాన్సు ఇచ్చినవాళ్లలో సగంమంది వెనక్కి తీసుకున్నారు. వాళ్లలో కొందరు నేరుగా పై వీధికే వెళ్లారని తర్వాత తెలిసింది.

అసలు పరీక్ష ఆ వారంలోనే వచ్చింది. దొనకొండ దగ్గర పల్లె నుంచి ఒక అమ్మాయి లాప్‌టాప్ బుక్ చేసుకుని ఉంది. బీకాం చదివింది. పెళ్లయి రెండేళ్లు. ఇంట్లో కూర్చుని అకౌంట్లు చూసే ఉద్యోగం ఏదో హైదరాబాదు కంపెనీలో సంపాదించుకుంది. మిషను తనే తెచ్చుకోవాలి. వచ్చే సోమవారం చేరాలి. అత్తకు ఈ ఉద్యోగం ఇష్టం లేదు. మొగుడు అటూ ఇటూ కాకుండా ఉన్నాడు. ఇదంతా బుక్ చేసిన రోజే నాకు చెప్పింది.

బస్సు దిగి నేరుగా లోపలికి వచ్చి అరలో పెట్టెలు చూసింది.

"అక్కా, వచ్చినాయి గదా! మరి పలక మీద అట్ల రాసినావేంది?"

విషయమంతా చెప్పాను. ఓపిగ్గా విని, "అంటే ఇప్పుడే పాడవదు గదా?" అంది.

"ఇప్పుడు పాడవదు. తర్వాత కావచ్చు, కాకపోవచ్చు."

"తర్వాత సంగతి తర్వాత చూసుకుంటా. నాకు సోమవారం కావాల. ఇయ్యి అక్కా."

"ఇయ్యను."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి ఏడుపు నీళ్లు కావు, కోపం. "డబ్బాలు కళ్ల ముందర పెట్టుకుని లేదంటావా? మిషను లేదని నేను చేరకపోతే మా అత్త ఏమంటాదో తెలుసా? నీకు పోయేదేముంది, నీ దుకాణం నీకుంది. నీ నీతి కోసం నా ఉద్యోగం పోవాల్నా?"

డిస్ట్రిబ్యూటరుతో వాదించడం సులువు. ఈమెతో కాదు. తెలిసి కొంటానంటున్న మనిషికి ఎందుకివ్వకూడదు అని ఒక్క క్షణం నాకూ అనిపించింది. కానీ రేపు వేరేవాళ్ల లెక్కలన్నీ ఆ మిషనులోనే ఉండగా అది మొరాయిస్తే, పోయేది మళ్లీ ఆమె ఉద్యోగమే. అప్పుడు చిప్‌ను ఎవరూ తిట్టరు. పల్లెటూరి పిల్లకు చేతకాలేదంటారు.

రిపేరు బల్ల మీద నా సొంత లాప్‌టాప్ ఉంది. పాతది, బరువు, మూత మీద గీతలు. బ్యాటరీ నేనే మార్చాను. నా ఫైళ్లన్నీ పెన్‌డ్రైవులోకి తీసుకుని, మిషనును శుభ్రంగా తుడిచి సంచిలో పెట్టి ఆమె ముందుంచాను.

"ఇది చూడ్డానికి బాగుండదు. పని మాత్రం చేస్తాది. కొత్తది మంచిది వచ్చేదాకా వాడుకో."

"మరి నీకో?"

"నా దుకాణంలో మిషన్లకేం కొదవ?" అన్నాను. నిజానికి తర్వాత చాలా రోజులు రిపేరుకు వచ్చి, ఎవరూ తీసుకెళ్లక ఉండిపోయిన పాత డెస్క్‌టాప్ ఒకటి అతుకులేసుకుని వాడాను.

ఆమె సంచి తీసుకుంది. థాంక్స్ కూడా చెప్పకుండా వెళ్లింది. కోపం ఇంకా తగ్గలేదు. నాకది నచ్చింది.

డిస్ట్రిబ్యూటరు ఆ తర్వాత ఇంకు సీసాలు, కేబుళ్లు పంపడం కూడా ఆపేశాడు. పెట్టెలు తీసుకుపొమ్మని ఎన్నిసార్లు ఫోను చేసినా, చూద్దాం చూద్దాం అన్నాడు. ఇంక లాభం లేదని నేనే బయల్దేరాను. పెట్టెలను రెండు పెద్ద సంచుల్లో సర్దుతుంటే నాయన చెప్పులేసుకున్నాడు.

"నువ్వెందుకు నాయనా?"

"బరువు నువ్వొక్కదానివే మోస్తావా?" అన్నాడు. నాతో ఏకీభవించినట్టు ఒక్క మాట కూడా అనలేదు.

ఆటోలో మార్కాపురం రోడ్డు స్టేషనుకు వెళ్లి గుంటూరు రైలెక్కాం. వెళ్తున్నానని దొనకొండ అమ్మాయికి ముందు రోజు ఫోనులో చెప్పి ఉన్నాను. దొనకొండలో రైలు ఆగగానే, నెరిసిన జుట్టు ముడేసుకున్న ఒక పెద్దావిడ మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి ఎదురు సీట్లో కూలబడింది. ఆ అమ్మాయి అత్త.

"కోడలు డ్యూటీలో ఉంది. మిషను ముందర నుంచి దాన్ని లేపలేం" అంది, రోజూ అనే మాటలాగా. "నేనొచ్చినా. మన పక్క మనుషులంటే ఆయనకంత అలుసేందని అడగాల."

ఈమేనా కోడలు ఉద్యోగం వద్దన్నది? ఆ సంగతి అడగలేదు. ఆమే సంచిలోంచి వేరుశనగకాయలు తీసి మా ఇద్దరి చేతుల్లో పోసింది.

డిస్ట్రిబ్యూటరు ఆఫీసులో ఐదారుగురు డీలర్లు కూర్చుని ఉన్నారు. ఆయన మమ్మల్ని చూసి మొహం చిట్లించాడు.

"ఫోన్ చేసి రావాల్సింది కదండీ. సరే, అక్కడ పెట్టి వెళ్లండి."

పెట్టెలు తీసి ఆయన బల్ల మీదే పేర్చాను. "సీలు కూడా తీయలేదు. చిప్ లోపం వల్ల వెనక్కి తీసుకున్నట్టు రాసి సంతకం పెట్టండి."

"అలా రాస్తే రేపు నా మెడకి చుట్టుకుంటుంది" అని, ఆయన నాయన వైపు తిరిగాడు. "మీరు పెద్దవారు, వ్యాపారం తెలిసినవారు. మీరైనా చెప్పండి అమ్మాయికి."

నాయన తొందరపడకుండా అన్నాడు: "నేను అమ్మేయమనే చెప్పినానయ్యా. వినలేదు. ఆ సగం ఆమెది. ఆమె మాటే మాట."

"ఇంతకీ ఈవిడెవరు?" అన్నాడాయన పెద్దావిడను చూసి.

"కొనేదాన్ని" అంది ఆవిడ, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "మా వైపు ఎవరడగతారంటివంట. అడిగేదానికే వచ్చినా. ఈ డబ్బాలో చిప్పు మంచిదా, చెడ్డదా? చెప్పు."

గోడ పక్కన కూర్చున్న దర్శి డీలరు లేచి వచ్చి పెట్టె మీద నంబరు చూశాడు. "మాకు పంపినవీ ఇవేనా సార్?" అన్నాడు. వెనక నుంచి ఇంకొకాయన కూడా అదే అడిగాడు. డిస్ట్రిబ్యూటరు మా ముగ్గురినీ, వాళ్లనూ మార్చి మార్చి చూశాడు. చివరికి గుమాస్తాను పిలిచి, నేను చెప్పిన మాటలే రాయించి సంతకం పెట్టి ఇచ్చాడు. ఇస్తూ, "ఇంక మీకూ మాకూ వ్యాపారం లేదమ్మా" అన్నాడు.

"మంచిది" అన్నాను. కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

మంచి చిప్‌తో లాప్‌టాప్‌లు రావడానికి నెలలే పట్టింది. నాకు గుంటూరు దారి మూసుకుపోయింది కాబట్టి హైదరాబాదులో ఇంకొకరి దగ్గర తెప్పించుకోవలసి వచ్చింది. కాలేజీ ల్యాబు ఆర్డరు పై వీధికి పోయింది. దొనకొండ అమ్మాయికి కొత్తది నేనే తీసుకెళ్లి ఇచ్చాను. నా పాతది వెనక్కి ఇస్తూ, అప్పుడు చెప్పింది థాంక్స్.

ఆ సరుకు అమ్మిన షాపులకేమైందని ఇప్పటికీ కొందరు నన్ను అడుగుతారు. పెద్దగా ఏమీ కాలేదు. ఒకటి రెండు మిషన్లు మొరాయిస్తే నా బల్ల మీదికే వచ్చాయి. మిగతావి చాలావరకు బాగానే పనిచేస్తున్నాయని విన్నాను. చూశావా, ఊరికే రచ్చ చేసుకున్నావు అంటారు వాళ్లు. పనిచేయనీయండి, నాకు సంతోషమే. నేను కాదన్నది ఆ మిషన్లను కాదు. మాకు చెప్పనక్కర్లేదనుకున్న ఆ మనిషిని. ఆ సరుకు మళ్లీ వస్తే మళ్లీ అమ్మను.

మొన్న గుంటూరు నుంచి కొత్త సేల్స్‌మన్ ఒకతను వచ్చాడు. పాతవన్నీ మరిచిపోయి మళ్లీ కలిసి పనిచేద్దామని వాళ్ల సార్ చెప్పమన్నాడట. నేను లోపల ప్రింటరు విప్పుకుని ఉన్నాను. నాయన అతన్ని కూర్చోబెట్టి టీ తెప్పించాడు. టీ తాగేదాకా పిల్లల గురించీ ఎండల గురించీ మాట్లాడి, తర్వాత చెప్పాడు:

"మా పాప రాదు బాబూ. అడగాల్సిన పని గూడా లేదు. బస్సుకు టైమయింది, పోయి రా."