మీటకు కట్టు

కుట్టుమిషనుకు నూనె వేసినప్పుడల్లా ఆ వాసనకు నాకు శాలిబండలోని ఒక మేడమీది గది గుర్తొస్తుంది. అక్కడ కరీం సాబ్ టైపు నేర్పేవారు. మేము మాస్టర్ సాబ్ అనేవాళ్లం. నేను చేరింది 1957లో. జూన్ అని మా చెల్లెలు అంటుంది; కాదు, జూలై. ఉస్మాన్‌గంజ్ దుకాణంలో లెక్కలు రాసే నాన్నకు చూపు మందగించింది. ఇంట్లో సంపాదించగలిగేది ఇక నేనొక్కదాన్నే.

గదిలోని టైపు మిషన్లు ఒక్కోటీ ఒక్కో కంపెనీది. కొత్తదాంట్లో ఒక మీట నొక్కితే కాగితం పట్టికలోని తరవాతి గడికి తానే జరిగేది. పాతవాటికి అది లేదు. మాస్టర్ సాబ్ ఆ మీటకు గుడ్డపీలిక చుట్టారు. దానికేమైనా దెబ్బ తగిలిందా అని ఎగతాళి చేశాను.

"తగల్లే బిడ్డా. నీకు తగలొద్దని కట్టిన."

ఉన్న సౌకర్యాన్ని ఎందుకు వదలాలని వాదించాను. ఆయన కోపగించుకోలేదు.

"నౌకరి ఇచ్చేటోడు గీ మిషనే ఇస్తనని రాసిచ్చిండా? అన్నిట్ల ఉన్నదాంతోనే పని చెయ్. గప్పుడు ఏది ముంగట పెట్టినా ఫికర్ ఉండదు."

ఆ తరవాత రోజుకో మిషను మీద అదే పట్టిక కొట్టించారు, నిలువు వరసల మధ్య ఖాళీలు లెక్కపెట్టిస్తూ. మస్తు విసుగొచ్చేది.

ఉద్యోగ పరీక్ష మూసీ దాటాక, అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక ఆఫీసులో. నాకు దొరికింది కొత్త మిషనే. వేలు ఆ మీట మీదికి పోయింది; వెనక్కి తీసుకున్నాను. పక్కవాళ్లు నన్ను దాటిపోయారు. పట్టిక సగంలో ఉండగా మిషను లోపలి పట్టీ తెగింది. పరీక్ష పెట్టే ఆయన మూలనున్న పాతదాన్ని చూపించి, టైము మాత్రం పెంచనన్నాడు. అక్షరాల కొలత రెండింటిదీ ఒకటే కావడం నా అదృష్టం. సగం కాగితం అందులో ఎక్కించి, ఖాళీలు లెక్కపెట్టి, మిగతా అంకెలను సరిగ్గా పై వరసల కిందికే దించాను. నౌకరి వచ్చింది.

చాలా ఏళ్లకు కంప్యూటర్లు వచ్చాయి. ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను. మనం రాసినదాన్ని మిషనుకు అర్థమయ్యేలా మార్చే కంపైలరు ఒక్కో కంప్యూటరుకు ఒక్కో రకం. మా కంపైలరు ఒక్కటే ఒప్పుకునే సొగసులతో కుర్రవాళ్లు పది పంక్తుల పని రెండింటిలో తేల్చేవారు. నేను అన్ని కంపైలర్లూ ఒప్పుకునేవే ఏరుకున్నాను. మా కంపైలరుకే చెల్లేవాటిలో తప్పనిసరైన ఒక్కదాన్ని విడిగా ఒకచోట ఉంచి, మార్చాల్సింది ఇదేనని పక్కన రాశాను.

నేను రిటైరయ్యాక, నేనెన్నడూ చూడని కంప్యూటరు మీద ఆ ఒక్కచోటు మార్చగానే నా ప్రోగ్రాము నడిచిందని కబురొచ్చింది. ఆ సాయంత్రమే శాలిబండకు వెళ్లాను. మేడ లేదు. మాస్టర్ సాబ్ పోయి చాలా కాలమైందని ఎదురు దుకాణం భాయ్ చెప్పాడు. ఆయనకు చెప్పాలని తీసుకెళ్లిన మాట ఇంకా నా దగ్గరే ఉంది.