మెట్ల మలుపులో వైఫై పెట్టె

వన్‌టౌన్‌లో మా అత్తగారిల్లు రెండంతస్తులది. కింద మేము, పైన మా ఆయన అన్నగారు, మా బావగారి కుటుంబం. ఫోను తీగ మెట్ల మలుపు దగ్గరే ఇంట్లోకి వస్తుంది. అందుకని బావగారు ఇంటర్నెట్ పెట్టించినప్పుడు అక్కడే గోడకు చిన్న చెక్క బిగించి, వైఫై రౌటర్ దాని మీద పెట్టించారు. అప్పటికి ఇల్లంతా ఒకటే, వంటా ఒకటే.

తర్వాత మా వీధి రోడ్డు వెడల్పు చేశారు. మా మామగారి నాటి ఆటో స్పేర్ పార్ట్స్ దుకాణం ముందు భాగం అందులో పోయింది. మిగిలిన సగం మూసేసి ఆటోనగర్ వెళ్ళిపోదాం అన్నారు బావగారు. నాన్న, అదే అబ్బా, కూర్చున్న చోటు వదలను అన్నారు మా ఆయన. మాటా మాటా పెరిగింది. బావగారు ఆటోనగర్‌లో వేరే దుకాణం తెరిచారు, ఈయన ఆ సగం దుకాణంలోనే ఉండిపోయారు. ఇంట్లో పొయ్యిలు రెండయ్యాయి. అన్నదమ్ములు శుక్రవారం నమాజుకు కూడా వేరే వేరే మసీదులకు వెళ్ళడం మొదలుపెట్టారు. మెట్ల మీద ఎదురుపడితే ఒకరు గోడ వైపు, ఒకరు రెయిలింగ్ వైపు ఒదిగి దాటుకునేవాళ్ళు. అత్తమ్మ మాత్రం పొద్దున టీ పైన తాగి, రెండుపూటలా అన్నం మా దగ్గర తినేది.

అన్నీ విడిపోయినా నెట్ మాత్రం విడిపోలేదు. కనెక్షన్ బావగారి పేరు మీద ఉంది, వాడుకునేది రెండిళ్ళూ. ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తితే ఏమవుతుందో అందరికీ తెలుసు.

నేను ఇంట్లోంచే మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్ చేసేదాన్ని. అమెరికాలో డాక్టర్లు రోగిని చూశాక నోటితో చెప్పిన వివరాలు ఆడియో ఫైళ్ళుగా వస్తాయి. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని విని, టైపు చేసి, చెప్పిన గడువులోగా తిరిగి పంపాలి. నాకు ఒక గుండె డాక్టరు గొంతు కేటాయించారు. ఆయన ఎక్కడ నసుగుతాడో, ఏ మాట సగం మింగేస్తాడో అలవాటు పడడానికి నాకు ఒక చలికాలమంతా పట్టింది. ఆ తర్వాత పని సాఫీగా సాగింది. నాదంటూ ఒకటి ఉందన్న ధైర్యం ఆ పనితోనే వచ్చింది.

రెండువేల తొమ్మిది ప్రాంతంలో ఆ రౌటర్ మొరాయించడం మొదలుపెట్టింది. ఎండ వేళకు ఒళ్ళంతా కాలిపోయేది. ముందుగా వైఫై పోయేది. మెట్లెక్కి స్విచ్ ఆపి, కాసేపు ఆగి మళ్ళీ వేస్తే వచ్చేది. కంప్యూటర్ షాపు నుంచి ఒకతన్ని పిలిపించాను. అతను దాన్ని తాకి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"దీని పనైపోయిందండి. పోయినేడు పిడుగుల వానకు వైరు పెట్టే పోర్టులు కూడా పోయాయి, ఒక్కటే పనిచేస్తోంది. ఆ ఒక్కదాంట్లోంచి పైకి వైరు వెళ్తోంది చూడండి. వాళ్ళకి నెట్ ఆగదు. మీది వైఫై కాబట్టి మీకు ఆగుతుంది."

"ఆ వైరు నాకు పెట్టుకోవచ్చా?"

"పెట్టుకోవచ్చు. అప్పుడు పైవాళ్ళకి ఉండదు. కొత్తది కొనుక్కోండి, గొడవుండదు."

గొడవ ఎక్కడుందో అతనికి ఎలా తెలుస్తుంది? కొత్తది మలుపులో పెట్టాలంటే బావగారికి చెప్పాలి, వాళ్ళ వైరు పీకాలి. మా గదిలో పెట్టుకుంటే మధ్యలో శ్లాబు అడ్డం, పైకి నెట్ అందదు. చెప్పకుండా తీస్తే ఒక తప్పు, అడిగి తీస్తే ఇంకొకటి. అడిగేది ఎవరు?

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయనతో అన్నాను.

"మన గదిలో పెట్టించు. వాళ్ళకి కావాలంటే వాళ్ళు పెట్టించుకుంటారు," అన్నారు, తలెత్తకుండా.

అత్తమ్మ చేతిలో ముద్ద అలాగే ఆగింది. "ఆ పెట్టె అక్కణ్ణుంచి తీస్తే మెట్లకు అడ్డంగా గోడ కట్టినట్టే అనుకుంటాడు వాడు. కట్టేవాళ్ళు కట్టండి. నేను పోయాక కట్టండి."

ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోయారు.

మర్నాడు ఏదో వంకతో పైకి వెళ్ళాను. భాభీ, అంటే బావగారి భార్య, బియ్యం ఏరుతోంది. ఒకప్పుడు ఇద్దరం ఒకే చేటలో ఏరినవాళ్ళం. రౌటర్ సంగతి మెల్లగా చెప్పాను.

"మాకేం ఇబ్బంది లేదే, బాగానే వస్తోంది," అంది.

"నాకు రావట్లేదు భాభీ. మార్చాలనుకుంటున్నా."

"కనెక్షన్ మా ఆయన పేరు మీద కదా. మీ ఆయన్నే వచ్చి అడగమను." మళ్ళీ బియ్యంలోకి చూసింది. కోపంగా అనలేదు. కానీ ఆ మాటతో తలుపు వేసేసినట్టయింది. కిందికి దిగి, ఆ మాట మా ఆయనకు చెప్పలేదు. చెబితే ఏమంటారో తెలుసు.

ఆ వారంలోనే మా టీమ్ లీడ్ హైదరాబాద్ నుంచి ఫోన్ చేసింది. "మేడమ్, మీ వర్క్ బాగుంటుందండి. కానీ ఫైళ్ళు టైముకి రావట్లేదు. ఇంకొక్కసారి లేటయితే ఆ డాక్టర్ని వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. నా చేతిలో ఏమీ ఉండదు."

సాయంత్రం గవర్నర్‌పేట వెళ్ళి కొత్త రౌటర్ కొనుక్కొచ్చాను. కొన్నాను గానీ పెట్టే ధైర్యం రాలేదు. బీరువాలో దుపట్టాల కింద దాచి, రోజూ రేపు అనుకున్నాను. ఏదో ఒకరోజు పాతది దానంతట అదే చచ్చిపోతే ఎవరినీ అడగక్కర్లేదు కదా అని కూడా అనుకున్నాను.

జూలై వచ్చినా ఎండలు తగ్గలేదు. ఆ శుక్రవారం మధ్యాహ్నం నా చేతిలో ఒక పెద్ద ఫైలుంది. బైపాస్ ఆపరేషన్ వివరం. టైపింగ్ అయిపోయింది, పంపడమే మిగిలింది. గడువుకు ఇంకా గంట ఉంది. పంపు అని నొక్కాను. సగం వెళ్ళి ఆగింది. వైఫై గుర్తు మాయమైంది.

మెట్లెక్కాను. స్విచ్ మీద చెయ్యి వేశానో లేదో పైనుంచి పరుగెత్తుకొచ్చింది బావగారి కూతురు. ఆ ఏడే ఇంటర్ అయింది. ఇంజనీరింగ్ కాలేజీలు ఎంచుకోవడం కంప్యూటర్‌లోనే చెయ్యాలి, దానికి ఆ రోజు సాయంత్రంతో ఆఖరు.

"చాచీ, ఆపకండి. ఆప్షన్లు పెడుతున్నా, ఇంకా సేవ్ కాలేదు. ఆపితే మొత్తం పోతాయి."

"ఎంతసేపు పడుతుంది?"

"తెలీదు. పేజీ కదలట్లేదు. పొద్దున నెట్ సెంటర్‌కి వెళ్ళా, లైను రోడ్డు దాకా ఉంది. మీరు ఆపితే నా పని..."

నా చెయ్యి స్విచ్ మీదే ఉంది. పిల్లకి నెట్ ఉంది, నాకు లేదు. ఆపి వేస్తే నాకు వస్తుంది, దాని పని పోతుంది. ఆపకపోతే నా డాక్టరు పోతాడు. పై మెట్టు మీద భాభీ వచ్చి నిలబడింది. మా గుమ్మంలో అత్తమ్మ. వాళ్ళిద్దరూ నా చెయ్యినే చూస్తున్నారు. నేను ఆ క్షణంలో ఆపితే ఇక ఆ ఇంట్లో ఏ రంజాన్‌కూ అది సర్దుకోదని నాకు తెలిసిపోయింది.

చెయ్యి తీసేశాను. "వెళ్ళి చూసుకో అమ్మా. అయ్యాక చెప్పు."

అది తిరిగి పైకి వెళ్ళింది. నేను మెట్టు మీదే కూర్చున్నాను. చేతిగడియారం చూసుకుంటూ, పైనుంచి పిలుపు కోసం చెవులు రిక్కించి. కాసేపటికి ఏదో కాలిన వాసన. అడాప్టర్‌లోంచి సన్నగా పొగ. ప్లగ్ లాగేసేలోపే పెట్టె మీద లైట్లన్నీ ఆరిపోయాయి. పైనుంచి పిల్ల "అమ్మీ" అని అరిచింది.

నేనిక ఆలోచించలేదు. కిందికి వెళ్ళి బీరువాలోంచి కొత్తది తెచ్చాను. దాన్ని చూడగానే భాభీ ముఖం మారింది. "ముందే కొని పెట్టావా?" అంది.

"నీకు చెప్పాను కదా భాభీ."

పాతది తీసి కొత్తది పెట్టి, ఫోను తీగ బిగించి, పై కంప్యూటర్ వైరు దీనికి కలిపాను. లైట్లు వెలిగాయి గానీ నెట్ రాలేదు. నా ల్యాప్‌టాప్ తెచ్చి మెట్టు మీద పెట్టుకుని చూశాను. కనెక్షన్ తాలూకు యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడుగుతోంది. పాత పెట్టెలో అవి ఎప్పుడో వేసినవి. బావగారికి తప్ప ఎవరికీ తెలియవు. భాభీ తన సెల్ నుంచి ఆయనకు చేసింది. రింగవుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ చేసింది. దుకాణం ఫోన్‌కు చేస్తే ఎంగేజ్.

అప్పుడే మా ఆయన నమాజు ముగించుకుని అన్నానికి వచ్చారు. మెట్ల మీద ఇంతమందిని చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. సంగతి చెప్పాను. "మీరు చేసి చూడండి," అన్నాను.

"నేనా?"

"భాభీ చేస్తే ఎత్తట్లేదు. మీ నంబరు చూస్తే ఎత్తుతారు."

"ఎందుకు ఎత్తుతాడు?"

"మీ నంబరు కాబట్టే. ఏమైందోనని కంగారుపడతారు."

ఆయన కదల్లేదు. చెమట కారుతోంది. తను అడిగితే చెడుతుందని తెలిసి అత్తమ్మ వెనక్కి జరిగింది. పిల్ల రెండు మెట్లు దిగి వచ్చి, "చాచా," అంది. అంతే. ఆయన జేబులోంచి ఫోను తీశారు.

రెండో రింగుకే ఎత్తారు బావగారు. దుకాణం గోలలో వినపడాలని మా ఆయన ఫోను ఎప్పుడూ గట్టిగా వినిపించేలా పెట్టుకునేవారు. అవతలి మాట మాకందరికీ వినిపించింది, వాళ్ళమ్మకే ఏదో అయిందన్న కంగారు.

"అమ్మీకి ఏమైంది?"

"ఏమీ కాలేదు. బాగానే ఉంది." ఈయన కొత్త పెట్టె వైపు చూశారు. "నెట్ పెట్టె కాలిపోయింది. కొత్తది పెట్టాం. పాస్‌వర్డ్ అడుగుతోంది."

"ఎవరికి కావాలి?"

"పాపకి. కాలేజీలు పెట్టుకుంటోంది, మధ్యలో ఆగిపోయింది."

నా పేరు ఎత్తలేదు ఆయన. లోపల చివుక్కుమంది.

"మరి మీ ఆవిడ పనో?" అన్నారు బావగారు.

మా ఆయన నా వైపు చూశారు. "అదీ ఆగింది."

"రాసుకో." యూజర్ నేమ్ ఒక్కో అక్షరం చెప్పారు. ఈయన పైకి చెబుతుంటే నేను కొట్టాను. చిన్నక్షరమా పెద్దక్షరమా అని రెండుసార్లు అడిగించాను. తర్వాత పాస్‌వర్డ్.

"అబ్బా స్కూటర్ నంబరు. అక్షరాలు చిన్నవి. మధ్యలో ఖాళీ లేదు."

ఈయన దాన్ని తిరిగి అడగలేదు. నా చేతిలోంచి ల్యాప్‌టాప్ తీసుకుని తనే కొట్టారు. లైటు ఎర్రగా రెండుసార్లు మినుకుమని పచ్చబడింది.

"వచ్చింది," అన్నారు ఫోన్లో.

"సరే," అన్నారు అవతల. ఫోను పెట్టేశారు.

పిల్ల పెట్టినవి సగం పోయాయి. మొదటినుంచి కూర్చుని చేసింది. భాభీ పక్కన నిలబడి కాలేజీల పేర్లు చదివి వినిపించింది. సాయంత్రం గడువు ముగిసేలోపు అయిపోయింది. నా ఫైలు మాత్రం గడువు దాటాకే వెళ్ళింది. సోమవారం టీమ్ లీడ్ ఫోన్ చేసి, చెప్పినట్టే ఆ డాక్టర్ని తీసేశామంది. ఆవిడ మీద కోపం రాలేదు. ఫోను పెట్టేసి వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

పెట్టె కాలిన ఆ శుక్రవారమే, చీకటి పడకముందే బావగారు వచ్చారు. మామూలుగా నేరుగా పైకెళ్ళే మనిషి మలుపులో ఆగారు. కొత్త పెట్టెను చూశారు, దాని వెనక గోడ మీద చెయ్యి పెట్టి చూశారు. మా ఆయన గుమ్మంలో ఉన్నారు.

"ఇక్కడ పడమటెండ కొడుతుంది. ఇది కూడా కాలిపోతుంది," అన్నారు బావగారు. "కింద గదిలో పెట్టుకోండి. నేను పైకి వేరే లైను తీసుకుంటా."

"ఎందుకు? ఇది ఇద్దరికీ చాలుతుంది," అన్నారు ఈయన. నెలల తర్వాత అన్నగారి ముఖం చూసి ఈయన మాట్లాడిన మొదటి మాట అది.

"ఉద్యోగం కదా ఆమెది. మధ్యలో ఎవరూ ఆపమని అడక్కూడదు." అని పైకి వెళ్ళిపోయారు.

అత్తమ్మ మంచం మీద అటు తిరిగి పడుకుంది. "చివరికి అదీ పంచుకున్నారు," అంది గోడతో. మా ఆయన మాత్రం, "భాయ్ నీ కోసమే అలా అన్నాడు," అన్నారు నాతో, మెల్లగా. ఇద్దరిలో ఎవరి మాట నిజమో ఆ రోజు నాకు తేలలేదు. ఇప్పటికీ పూర్తిగా తేలలేదు.

పైకి వేరే లైను వచ్చింది. కొత్త రౌటర్ మా గదిలోకి మారింది. పిల్లకు ఊరికి దగ్గర్లోనే కాలేజీలో సీటొచ్చింది, ఆ మిఠాయి భాభీ స్వయంగా తెచ్చి నా చేతిలో పెట్టింది. నాకు ఇంకో డాక్టర్ని ఇచ్చారు. ఎముకల డాక్టరు, గుక్క తిప్పుకోకుండా మాట్లాడతాడు, మొదట్లో ఒక్క వాక్యం కోసం పదిసార్లు వెనక్కి తిప్పుకునేదాన్ని. దుకాణాలు కలవలేదు. మసీదులు కూడా చాలాకాలం వేరుగానే ఉన్నాయి. కానీ వానలు మొదలయ్యాక ఒకరోజు నేను క్యారియర్ ఇవ్వడానికి దుకాణానికి వెళ్తే, మా ఆయన ఫోన్లో ఏదో క్లచ్ ప్లేటు ఉందా అని అడుగుతున్నారు. లేకపోతే ఎవరి దగ్గర దొరుకుతుందో కనుక్కోమంటున్నారు. అవతల ఎవరని అడిగాను. "ఆటోనగర్," అని మాత్రం అని, అన్న పేరు ఎత్తకుండా అటు తిరిగి మళ్ళీ మాటల్లో పడ్డారు.