తొక్కే ముందు అడగమన్న డాక్టరమ్మ

డాక్టరమ్మ పోయారని మహబూబాబాద్ దవాఖానలో నేను డ్యూటీలో ఉండగా ఫోన్ వచ్చింది. చెప్పిన ఆమె ఒకప్పుడు ఘనపూర్ దవాఖానలో డాక్టరమ్మ దగ్గర ఆయా. ఏడుస్తూ రెండు మాటలు చెప్పి పెట్టేసింది. ఆ సమయానికి నా ముందు ఒక పెద్దాయన నడుం పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేనేమీ అడగకముందే నా వెనక నుంచి డాక్టరమ్మ గొంతు వినిపించింది: "పడుకుంటే ఎలా ఉంటుంది?" తిరిగి చూశాను. మందుల అల్మారా తప్ప ఎవరూ లేరు.

ఆ ప్రశ్న నాకు పదో తరగతిలో ఉన్నప్పటిది. నేను ఎదురు కాళ్ళతో పుట్టాను. అలా పుట్టినవాళ్ళు నడుం మీద తొక్కితే పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. మా తండాకు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం వచ్చేవారు. వాళ్ళు వాకిట్లో బోర్లా పడుకుంటే, నేను గోడ పట్టుకుని వాళ్ళ నడుం మీదికి ఎక్కేదాన్ని. ఎవరో ఈ సంగతి నవ్వుతూ డాక్టరమ్మకు చెప్పారట. ఆమె నవ్వలేదు. నన్ను పిలిపించారు.

"కాళ్ళు చూపించు. బాగున్నాయి. వీటికి కాస్త చదువు చెబుదాం," అన్నారు.

ఆమెది కోస్తా జిల్లా. తెలంగాణ కోసం ఊళ్ళన్నీ రోడ్ల మీదికి వచ్చిన రోజులవి. సినిమాల్లో మా మాటను వెక్కిరిస్తారన్న కసి అంతా మా పిల్లలు ఆమె "అండీ" మీద తీర్చుకునేవారు. ఆమె కిటికీ దగ్గరికి పోయి "ఏవండీ, సూది వేస్తారాండీ" అని పరుగెత్తేవారు. "వేస్తానండీ, రండి," అని ఆమె లోపలి నుంచే బదులిచ్చేవారు.

ఆదివారాలు నన్ను తన పక్కన స్టూల్ మీద కూర్చోబెట్టుకునేవారు. గేటు దగ్గర నుంచి కుర్చీ దాకా మనిషి ఎలా నడిచి వస్తున్నాడో చూడమనేవారు. తర్వాతే ప్రశ్నలు. నొప్పి ఎక్కడిదాకా పోతుందో వేలితో గీసి చూపించమనేవారు. ఒక హమాలీ వేలు పిరుదు నుంచి పిక్క మీదుగా బొటనవేలి దాకా పోయింది. దగ్గితే ఆ గీత వెంట మంట పాకుతుందన్నాడు. డిస్కు జారి నరాన్ని నొక్కుతోందని ఆమె చెప్పారు. ఒక ముసలాయన నాలుగడుగులు నడిస్తే కాళ్ళు బరువెక్కుతాయనీ, కూర్చుంటే తేలికవుతాయనీ అన్నాడు. సైకిల్ మీద వంగి ఎంత దూరమైనా పోతాడట. వయసుతో వెన్నులో నరాల దారి ఇరుకైతే అలాగే ఉంటుందట.

భూపాలపల్లి బొగ్గుగని క్వార్టర్ల నుంచి ఒక తండ్రి తన కొడుకును తీసుకొచ్చాడు. "పొద్దుగాల లేవడమ్మా. నడుం నొప్పి అంటడు. ఉత్త బద్దకం," అన్నాడు.

"పని చేస్తుంటే తగ్గుతుందా, పెరుగుతుందా?" అని ఆ అబ్బాయిని అడిగారు.

"తగ్గుతది. పండుకుంటెనే బిగుసుకపోతది."

"బద్ధకమైతే పడుకుంటే హాయిగా ఉండాలి కదా," అని తండ్రి వైపు చూశారు. అది కీళ్ళవాతం లాంటిదని, వెన్నుకు పట్టిందని చెప్పి పెద్ద డాక్టరుకు రాసిచ్చారు. ఇక సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా వదలని నొప్పి ఉంటే వెన్ను క్షయేమో చూడాలని, అలాంటి ఒంటి మీద కాలు పెట్టనే కూడదని నాకు చెప్పారు. "నడుం నొప్పి అనేది జబ్బు పేరు కాదు, చిరునామా. లోపల ఎవరున్నారో తలుపు కొట్టి అడగాలి."

ఆ వానాకాలం మా యాడి (మా తండాలో అమ్మను అలా పిలుస్తాం) యూరియా బస్తా ఎత్తబోయి కూలబడింది. మర్నాటికి వాకిట్లో బోర్లా పడుకోబెట్టారు. "తొక్కు బిడ్డా, సొంత బిడ్డ కాలు ఇంకింత మంచిది," అంది మా మేనత్త. నేను గోడ పట్టుకున్నాను. ఎక్కలేదు. వంగి అడిగాను.

"రెండు కాళ్ళు గుంజుతానయి," అంది యాడి. తర్వాత సిగ్గుపడుతూ, "కూసుంటె కింద ఏం తెలుస్తలేదు. పొద్దటి సంది ఒంటికి పోలే," అంది.

నేను దవాఖానకు పరుగెత్తాను. డాక్టరమ్మ మాట పూర్తిగా వినకముందే లేచారు. నరాల కట్ట మొత్తం నలిగిపోతోందని, వెంటనే ఆపరేషన్ కాకపోతే కాళ్ళూ రావు, మూత్రమూ రాదని చెప్పారు. బస్సులు సమ్మెలో ఉన్నాయి. ట్రాలీ ఆటోలో పరుపు వేసి, యాడిని పడుకోబెట్టి, నాతోపాటు ఆమె కూడా ఎక్కారు.

వరంగల్ తోవలో రోడ్డుకు అడ్డంగా ఉద్యమం వాళ్ళ వంటా వార్పు. రాళ్ళ పొయ్యి మీద పెద్ద గంజులో అన్నం ఉడుకుతోంది.

"బాబూ, కొంచెం దారి ఇవ్వండి," అన్నారు డాక్టరమ్మ.

"బాబూ అట! ఏ జిల్లా అమ్మా మీది?" అన్నాడొకడు. అందరూ నవ్వారు.

"అన్నం ఉడుకుతాంది. తిని పోదురు, ఆగుండ్రి," అన్నాడు ఇంకొకడు.

ఆమె మళ్ళీ అడిగారు. మళ్ళీ నవ్వారు. తన యాస వింటే వాళ్ళు ఇంకా మొండికేస్తారని అనుకున్నారేమో, యాడి చెయ్యి పట్టుకుని ఊరుకున్నారు. ఎసరు పొంగే చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. చివరికి నేనే దిగి, పొయ్యి దగ్గరున్న అవ్వతో చెప్పాను.

"ఒంటికి వస్తలేదా?" అని ఆ అవ్వ లేచింది. "ఏం నవ్వులురా మీవి. గంజు దించుండ్రి." గంజు చెవులకు బట్ట చుట్టి దించారు. కాలుతున్న రాళ్ళను కర్రలతో పక్కకు నెట్టారు. నవ్విన అబ్బాయే మా ఆటో ముందు పరుగెత్తి జనాన్ని జరిపాడు.

ఆపరేషన్ అయింది. ఒంటికి పోవడం మెల్లగా దారికొచ్చింది. యాడి నడిచింది. కుడి పాదానికి మాత్రం స్పర్శ రాలేదు. చెప్పు జారిపోయినా తెలియదు. నడవడమే మాకు ఎక్కువనిపించింది. డాక్టరమ్మకు అలా అనిపించలేదు. రాష్ట్రం వచ్చి, ఆమె తన జిల్లాకు వెళ్ళిపోయాక కూడా అప్పుడప్పుడూ మా తండాకు వచ్చేవారు. యాడిని కళ్ళు మూసుకోమని, ఆ పాదం మీద దూది రాసేవారు.

"తెలుస్తోందా?"

"తెలుస్తాందమ్మా."

చివరిసారి వచ్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను. దూది ఆమె వేళ్ళ మధ్యే ఉంది. పాదాన్ని ముట్టలేదు. "తెలుస్తాంది," అంది యాడి. "మంచిదమ్మా," అని ఆమె దూదిని సంచిలో పెట్టుకున్నారు. ఆటో ఎక్కబోతూ నాతో అన్నారు: "ఆ రోజు నేను ఊరుకోకుండా ఉండాల్సింది. ఆ గంజు నేనే దించి ఉండాల్సింది."

ఆ మాట యాడికి నేనెప్పుడూ చెప్పలేదు.

డాక్టరమ్మ పోయారని చెప్పడానికి ఆ వారమే ఇంటికి వెళ్ళాను. యాడి గడప ముందు కూర్చుని ఉంది. విన్నది. ఏడవలేదు. కాళ్ళు చాపి, చీర అంచు కాస్త పైకి జరిపి, కళ్ళు మూసుకుంది. నేను దూరంగానే నిలబడ్డాను. వాకిట్లో గాలి కూడా లేదు. చాలాసేపటికి, ఎవరూ అడగకుండానే, "తెలుస్తాందమ్మా," అంది.