సంపూర్ణమ్మ పోయింది

గుణదల మేరీమాత తిరునాళ్లకు నేను ఏటా వెళ్తాను. మొక్కులేమీ లేవు, మా ఇంట్లో పూజించే దేవుళ్లు వేరు. నిజం చెప్పాలంటే నేను వెళ్లేది కొండ కింద, కొవ్వొత్తుల దుకాణాలు దాటాక, గోడ పక్కన నిలబడి పాటలమ్మే జీవరత్నం కోసం.

జీవరత్నం అమ్మేది పాటల కాగితం. ఒకే ఒక్క గులాబీ రంగు కాగితం. పైన బొమ్మ, బొమ్మ కింద పాట పేరు, ఏ పాత సినిమా పాట వరసలో పాడుకోవాలో ఒక ముక్క, ఆ తర్వాత చరణాలు. కప్పు టీ కన్నా చవక. రైలు పట్టాలు తప్పినా, పాము కరిచినా, అత్తాకోడళ్లు జుట్లు పట్టుకున్నా, ఉల్లిపాయల ధర చుక్కలనంటినా ఆయన చేతిలో పాటైపోతుంది. తిరునాళ్లు లేని రోజుల్లో బందరు ప్యాసింజరులోనో, కంకిపాడు సెంటర్లోనో మెడలో చిన్న స్పీకరు తగిలించుకుని కనిపిస్తాడు. ఈ ఫోన్ల కాలంలో ఇంకా ఇవి కొనేవాళ్లున్నారా అని అడిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఉన్నారు. నేనున్నాను.

ఆయన పాటకు రెండు కట్టుబాట్లు. రాయగానే ముందు భార్య తెరేసమ్మకు వినిపించాలి. ఆవిడ కూర తరుగుతూ వింటే లెక్కలోకి రాదు. కత్తిపీట పక్కన పెట్టి వినాలి, విన్న తర్వాత ఏడవాలి, లేదా నవ్వాలి. అప్పుడే అది అచ్చుకు వెళ్తుంది. ఇక రెండోది, చివరి చరణంలో ఆయన పేరు ఉండి తీరాలి. వంతెన కూలినా, పెళ్లి పెటాకులైనా ఆఖర్న జీవరత్నం వచ్చి ఒక మాట చెప్పి వెళ్తాడు. "అది లేకపోతే బిడ్డకు ఇంటిపేరు లేనట్టేగదండీ" అంటాడు.

బొమ్మల సంగతి వేరు. గవర్నర్‌పేటలో బసవపున్నయ్య గారి ప్రెస్సులో కంప్యూటర్లు వచ్చి చాలా కాలమైంది. కానీ ఒక మూల కాలితో తొక్కే పాత ట్రెడిల్ అచ్చు మిషను, దాని పక్క సొరుగులో బొమ్మల అచ్చుదిమ్మలు ఇంకా ఉన్నాయి. రైలు, పాము, ఓడ, ఆడమనిషి. అంతే, ఇంకేమీ లేవు. ఆ ఆడమనిషి ఎప్పుడో తలనూనె ప్రకటన కోసం తయారైంది, అందుకని మోకాళ్ల దాకా జుట్టు. ఆవిడే అత్త, ఆవిడే కోడలు. ఒకసారి మగ్దలేనా మరియ అయింది, ఇంకోసారి లంచం తీసుకున్న ఆఫీసరమ్మ అయింది. కొనేవాళ్లు ఏనాడూ అభ్యంతరం చెప్పలేదు.

మధ్యలో కొన్నేళ్లు వ్యాపారం బాగా డీలా పడింది. రైల్లో ఎవరిని చూసినా చెవుల్లో ఇయర్‌ఫోన్ పుల్లలు. కూతురు క్రిస్టినాకు జిరాక్స్ షాపు ఉంది. "నాన్నా, ఆ అరుపులు మానేసి వచ్చి కౌంటర్లో కూర్చో, ఫ్యానుంటుంది" అని పోరు పెట్టేది. ఈయన పాడలేక కాదు, వినేవాళ్లు లేక సరే అనబోయాడు. అంతలో బుడమేరు పొంగింది.

ఆ సెప్టెంబరు వరద విజయవాడలో ఎవరికీ చెప్పక్కర్లేదు. సింగ్ నగర్ మేడల మీద జనం, ఫ్లైఓవర్ కింద పడవలు. జీవరత్నం పులిహోర పొట్లాలు పంచడానికి వెళ్లి అక్కడ ఒక కబురు విన్నాడు. సంపూర్ణమ్మ అని ఒకావిడ, మేడ మీద నిలబడి, చీరను తాడులా కిందికి వదిలి, పక్కింటి పిల్లల్ని ఒక్కొక్కరినే పైకి లాగిందట. ఆవిడను చూడాలని ఈయనకు ఒకటే ఆత్రం. ఆవిడ ఉండే సందులోంచి వస్తున్న పడవాయన్ని అడిగాడు. సాయం చేయడానికి సూర్యాపేట నుంచి వచ్చిన మనిషి ఆయన.

"సంపూర్ణమ్మనా? ఆమె పోయిందే. పొద్దుగాలనే పోయింది" అన్నాడు పడవాయన, తెడ్డు ఆపకుండానే.

జీవరత్నం ఫ్లైఓవర్ మీద కూలబడి ఏడ్చాడు. అక్కడే పులిహోర పొట్లం కాగితం మీద పాట రాశాడు. తెరేసమ్మ కత్తిపీట పక్కన పెట్టడమేమిటి, ఆ పూట అసలు వంటే చేయలేదు.

ఆ పాట డెల్టా అంతా పాకింది. రైల్లో చెవుల్లోంచి పుల్లలు ఊడొచ్చాయి. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు.

*కట్టుచీర విప్పి తాడు చేసెనమ్మా*
*కన్నబిడ్డలోలె వారిని లాగెనమ్మా*

ఇలా సాగి, చివరి చరణం:

*నీటిపాలై పోయె తల్లి సంపూర్ణమ్మా*
*జీవరత్నం కంటినీరు ఆగదమ్మా*

కాగితం పైన ఆ తలనూనె ఆవిడే. ఈసారి మాత్రం ఆ జుట్టు చూస్తే వరద నీళ్లలా అనిపించి ఇంకా ఏడుపొచ్చేది. క్రిస్టినా జిరాక్స్ మాట మళ్లీ ఎత్తలేదు. జీవరత్నం మెడ నిటారుగా పెట్టుకుని నడవడం మొదలుపెట్టాడు.

అలా ఫిబ్రవరి తిరునాళ్లు వచ్చాయి. గోడ పక్కన ఎన్నడూ లేనంత జనం. గుండు చేయించుకుని చందనం పూసుకున్నవాళ్లు, కొబ్బరికాయలు చంకన పెట్టుకున్నవాళ్లు, అందరూ కళ్లు తుడుచుకుంటున్నారు. తెరేసమ్మ కాగితాలు అందిస్తోంది. ముందు వరసలో చిన్న జుట్టుముడితో, నల్లగా గట్టిగా ఉన్న ఒకావిడ అందరికన్నా ఎక్కువగా వెక్కుతోంది. చివరి చరణంలో సంపూర్ణమ్మ అన్న పేరు వినగానే ఆ వెక్కు సగంలో ఆగిపోయింది.

"ఏవయ్యా! ఇది సింగ్ నగర్ సంగతేనా?"

"అవునమ్మా, ఆ మహాతల్లి..."

"మహాతల్లేంటి, నేనే సంపూర్ణమ్మని!"

జనం ఆవిణ్ణి చూశారు, కాగితంలో బొమ్మ చూశారు, మళ్లీ ఆవిణ్ణి చూశారు. ఆవిడ కాగితం లాక్కుంది.

"ఎవరీవిడ? నాకింత జుట్టెక్కడిదయ్యా? పోనీ, చంపితే చంపావు. కట్టుచీర విప్పానని రాస్తావా? దండెం మీది చీర అది! ఆరేసిన చీర! నలుగురిలో నా పరువు తీసి పాట కట్టి అమ్ముకుంటావా?"

పక్కనున్న ముసలావిడకు కోపం వచ్చింది. "ఊరుకో అమ్మాయ్. ఆవిడ పోయింది, పుణ్యాత్మురాలు. నీలాగా గొంతు చించుకునే మనిషయితే ఆ పని చేసేదా?"

"చేశానండీ, నేనే చేశాను! ఆ పిల్లల బరువుకి ఈ రెక్కలు ఇప్పటికీ లాగుతున్నాయి."

"చాల్లే, పాట సాగనియ్."

అప్పుడు సంపూర్ణమ్మ మొహం చూడలేకపోయాను. కోపం కాస్తా పోయి, చిన్నపిల్ల చేతిలోంచి బొమ్మ లాక్కున్నట్టు అయిపోయింది. ఆవిడ చేసిన పనికి ఊరంతా ఏడుస్తోంది, ఆవిడ చేసిందని మాత్రం ఒక్కరూ నమ్మడం లేదు. ఇక తేల్చగలిగినవాడు జీవరత్నం ఒక్కడే. "నువ్వెవరో నాకు తెలియదమ్మా" అంటే సరిపోతుంది, జనం ఆయన వైపే ఉన్నారు. అబద్ధపు పాట అని ఒప్పుకుంటే, తనను మళ్లీ మనిషిని చేసిన పాట ఆ గోడ పక్కనే ఆగిపోతుంది. ఆయన తెరేసమ్మ వైపు చూశాడు. తెరేసమ్మ కాగితాలు అందించడం ఆపేసి, కట్టను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

జీవరత్నం స్పీకరు గొంతు పెంచి అడిగాడు. "అమ్మా, ఆ రోజు పొద్దున్న మీరు ఎక్కడికెళ్లారు?"

"కంకిపాడు, మా అక్క ఇంటికి. సూర్యాపేట ఆయన పడవలో ఎక్కించుకుని దాటించాడు."

"ఆయన మీరు పోయారన్నాడమ్మా!"

"పోయానుగా మరి! వాళ్ల యాసలో పోవడమంటే వెళ్లడమేగదయ్యా!"

ముందుగా చందనం గుండాయన ఒకడు పకపకా నవ్వాడు. దాంతో గోడ పక్కన జనమంతా కొబ్బరికాయలు జారవిడిచేంతగా నవ్వారు. ఇక్కడ మనిషి పోయాడంటే పాడె కట్టాల్సిందే, అక్కడ పోయాడంటే సాయంత్రానికి తిరిగొస్తాడు. ఇంత చిన్న సంగతి ఈ వరసల మొనగాడికి తట్టలేదు. నాకూ తట్టలేదనుకోండి.

"తప్పు నాదేనండీ" అన్నాడు జీవరత్నం. "ఈవిడే సంపూర్ణమ్మ. బతికే ఉంది. చీర దండెం మీదిది." అని అదే వరసలో అక్కడికక్కడే అందుకున్నాడు.

*దండెం మీది చీర తీసి తాడు పేనెనమ్మా*
*దారి లేని పిల్లలకు దారి చూపెనమ్మా*
*పోయెనంటే పోయెనని ఏడ్చినామమ్మా*
*అక్క ఇంటికి పోయి వచ్చె సంపూర్ణమ్మా*

ముసలావిడ సంపూర్ణమ్మ రెక్క పట్టుకుని నిమురుతూ "ముందే చెప్పొద్దా తల్లీ" అంది, ఆవిడ అప్పటిదాకా చెప్తున్నది అదే అయినా.

మరి అచ్చయిన కాగితాల కట్ట? జీవరత్నం నేల మీద కూర్చుని, బాల్ పెన్నుతో ఒక్కో కాగితం మీద చీర సంగతి దిద్ది, చివరి చరణం కొట్టేసి, కొత్తది రాయసాగాడు. నేనూ ఒక పెన్ను తీసుకుని కూర్చున్నాను. కొత్త చరణంలో ఆయన పేరుకు చోటు లేదు, ఆయన చోటు వెతకనూ లేదు. కొట్టేసిన గీతల పక్కన సంపూర్ణమ్మ, డ్వాక్రా గ్రూపులో నేర్చుకున్న సంతకం వంకరటింకరగా పెట్టింది. ఆ సంతకం ఉన్న కాగితమే కావాలని జనం ఎగబడ్డారు. తలనూనె బొమ్మ మీద కూడా పెట్టమని ఒకాయన అడిగితే మాత్రం, "అది నేను కాదు" అని ఖరాఖండీగా చెప్పింది.

దుకాణం కట్టేసేటప్పుడు తెరేసమ్మ మిగిలిన ఒక కాగితం వెలుతురుకు పెట్టి కింద దాకా చదివింది.

"ఏవండీ, మీ పేరేదీ ఇందులో?"

"పోయిందే."

ఆవిడ కాగితం మడిచి జాకెట్టులో పెట్టుకుంది. "మన పోవడమా, సూర్యాపేట పోవడమా?"

జీవరత్నం స్పీకరు మెడలోంచి తీసి సంచిలో వేసుకుంటూ నవ్వాడు.

"సూర్యాపేటదే."